కౌన్సెలింగ్ కేంద్రానికి వెళితే పట్టాకు మచ్చ పడుతుందా?

కొత్త విద్యాసంవత్సరం మొదలైందంటే చాలు, విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక హెచ్చరిక తిరగడం మొదలవుతుంది. మాటలు అటూఇటూ మారినా సారం ఒక్కటే: "విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రం జోలికి పోకండి. అక్కడ చెప్పిందంతా విభాగానికీ ఇంటికీ చేరుతుంది, రికార్డుల్లోకెక్కి రేపు ఉద్యోగానికి అడ్డుపడుతుంది. అది పిచ్చి ముదిరినవాళ్లకు పెట్టింది. పోతే మాత్రలు రాసిస్తారు. స్నేహితులుంటే చాలు. అయినా అవసరమైనప్పుడు అక్కడ అపాయింట్‌మెంట్ దొరకదు." ఈ మాటల్లో చివరిదానికి మాత్రమే కొంత ఆధారం ఉంది.

అన్నింటికన్నా ఎక్కువమందిని గడప దగ్గరే ఆపేది రికార్డు భయం కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూడాలి. మార్కుల పత్రంలో ఉండేవి చదివిన కోర్సులు, వచ్చిన మార్కులు, పొందిన పట్టా. కౌన్సెలర్ రాసుకునే నోట్సు వేరే ఫైలు. పద్ధతిగా నడిచే కేంద్రంలో దాన్ని పరీక్షల విభాగం గానీ, శాఖాధిపతి గానీ తెరిచి చూసే వీలుండదు. మొదటిసారి వెళ్లినప్పుడు సంభాషణకు ముందే సంతకం కోసం ఒక సమ్మతి పత్రం ఇస్తారు. చాలామంది చదవకుండానే సంతకం పెట్టే ఆ కాగితంలోనే అసలు విషయమంతా ఉంటుంది: చెప్పినవి గోప్యంగా ఉంటాయని, అయితే విద్యార్థి ప్రాణానికో మరొకరి ప్రాణానికో తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు, పిల్లలపై హింస జరుగుతున్నట్టు తెలిసినప్పుడు, న్యాయస్థానం ఆదేశించినప్పుడు ఆ గోప్యతకు మినహాయింపు ఉంటుందని సాధారణంగా అందులో రాసి ఉంటుంది. మినహాయింపులు ఉన్న మాట నిజమే, కానీ అవి "చెప్పిందంతా చేరుతుంది" అనే మాటకు చాలా దూరం. సంతకం పెట్టే ముందు నోట్సు ఎక్కడ దాస్తారో, ఎవరెవరు చూడగలరో, ఏ పరిస్థితిలో ఇంటివాళ్లకు చెబుతారో అడిగి తెలుసుకునే హక్కు విద్యార్థికి ఉంది. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

గడువు పొడిగింపు కోసమో, పరీక్ష వాయిదా కోసమో లేఖ కావలసి వచ్చినప్పుడు కూడా విద్యార్థి ఒప్పుకున్నాకే అది కేంద్రం నుంచి బయటికి వెళ్లాలి. ఆరోగ్య కారణాల వల్ల ఫలానా వెసులుబాటు అవసరమని రాస్తే ఆ పని జరిగిపోతుంది, జబ్బు పేరు ప్రస్తావించనక్కర్లేదు. కొన్ని రకాల ఉద్యోగాల్లో ఆరోగ్యం గురించి అభ్యర్థినే నేరుగా ప్రశ్నిస్తారన్నది వాస్తవం, అయితే దానికీ పట్టా మీద మచ్చ పడటానికీ సంబంధం లేదు. ఒక్క సందర్భంలో మాత్రం ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. పాఠం చెప్పి మార్కులు వేసే అధ్యాపకుడికే కౌన్సెలర్ బాధ్యత కూడా అప్పగించిన చోట విద్యార్థి వెనకాడటం సహజం. అలా రెండు పాత్రలు కలపడం కౌన్సెలింగ్ వృత్తి నియమాలకే విరుద్ధం, కాబట్టి బయటి నిపుణుడిని చూపించమని అడగడం సబబు.

ఇక అది పిచ్చివాళ్లకు పెట్టిందన్న మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని ఒక అంతర్జాతీయ అధ్యయనం, 8 దేశాల్లోని 19 విద్యాసంస్థల్లో దాదాపు 14,000 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రశ్నించి 2018లో ఫలితాలు ప్రకటించింది. ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యల్లో కనీసం ఒకదాని లక్షణాలు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తమకు ఉన్నట్టు నూటికి 35 మంది జవాబుల్లో తేలింది. అది ప్రశ్నావళి ద్వారా చేసిన అంచనాయే తప్ప వైద్య నిర్ధారణ కాదు, అయినా ఇది పిడికెడు మంది వ్యవహారం కాదని చెప్పడానికి సరిపోతుంది. విద్యార్థులకంటూ మానసిక ఆరోగ్య సేవను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1910లోనే మొదలుపెట్టింది. బాగా చదివే పిల్లలు మనసు బాగాలేక మధ్యలోనే చదువు వదిలేయడం ఆనాడే అక్కడివాళ్ల కంటపడింది.

పైగా కేంద్రానికి వచ్చేవాళ్లందరూ జబ్బుతో రారు. ఇంట్లో మరణం, తెగిన ప్రేమ, తప్పు కోర్సు ఎంచుకున్నానన్న బాధ, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ అక్కడ మాట్లాడదగ్గ విషయాలే. మొదటి సమావేశంలో అడిగేవి కూడా ఇలాంటివే: ఎన్నాళ్ల నుంచి, తిండీ నిద్రా ఎలా ఉన్నాయి, తరగతులకు వెళ్లగలుగుతున్నారా, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా. సహాయ సేవలంటే కౌన్సెలింగ్ ఒక్కటే కాదన్న సంగతిని ఆ హెచ్చరిక పూర్తిగా దాచేస్తుంది. వైకల్యం ఉన్నవాళ్లకు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి ఏర్పాట్లు చూసే కార్యాలయం, ఉన్నట్టుండి డబ్బుకు ఇబ్బంది పడినవాళ్లకు అత్యవసర నిధి, వేధింపులపై ఫిర్యాదు తీసుకునే విభాగం చాలా చోట్ల ఉంటాయి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక, చదువులో తగిన వెసులుబాటును దయగా కాక హక్కుగా గుర్తించింది. దీర్ఘకాలిక మానసిక సమస్యలు కూడా దాని పరిధిలోకి వస్తాయి.

మాత్రల ఆరోపణకు జవాబు చిన్నదే. కౌన్సెలర్లకు మందులు రాసే అధికారమే ఉండదు, అది వైద్యుల పని. అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపుతారు, వాడాలా వద్దా అన్నది ఆయనతో మాట్లాడి తేల్చుకోవచ్చు.

స్నేహితులు చాలన్న మాట వినడానికి బాగుంటుంది, అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. అర్ధరాత్రి పక్కన కూర్చునేది స్నేహితుడే, కాదనను. కానీ "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకుని తన చావు ఆలోచన బయటపెట్టిన మిత్రుడి భారాన్ని పందొమ్మిదేళ్ల పిల్లవాడు ఒంటరిగా మోయలేడు. ఆ ఒట్టు తప్పవలసిందే. చనిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది నోరు మెదపరు. అలా అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరిగిన దాఖలా పరిశోధనల్లో కనబడలేదు. కాబట్టి సూటిగా అడగాలి, ఔనంటే ఒంటరిగా వదలకుండా వెంటబెట్టుకుని కేంద్రానికో ఆసుపత్రికో తీసుకువెళ్లాలి.

చివరగా అపాయింట్‌మెంట్ సంగతి. విద్యార్థుల సంఖ్యకు తగినంతమంది కౌన్సెలర్లు లేకపోవడం, వారాల తరబడి ఎదురుచూడవలసి రావడం, ఇన్నిసార్లే రావాలన్న పరిమితి పెట్టడం చాలా దేశాల విశ్వవిద్యాలయాల్లో ఉన్న లోపాలే, వాటిపై యాజమాన్యాలను నిలదీయాలి. అయితే అత్యవసర స్థితిలో ఉన్నవాళ్లను అదే రోజు చూసే ఏర్పాటు చాలా కేంద్రాల్లో ఉంటుంది. ముందు గదిలో కూర్చున్న ఉద్యోగికి "నాకు ప్రమాదంగా ఉంది, ఈ రోజే చూడాలి" అని తేటగా చెప్పాలి, మొహమాటపడి "ఎప్పుడైనా ఫరవాలేదు" అంటే పేరు వరుస చివరికి పోతుంది. మిగతావాళ్లు పరీక్షల వారంలో అందరితో పాటు ఎగబడకుండా, సెమిస్టర్ మొదట్లో రద్దీ పలచగా ఉన్నప్పుడే పేరు నమోదు చేసుకోవడం మేలు. మొదట కలిసిన కౌన్సెలర్‌తో మాట కుదరకపోతే మరొకరిని ఇమ్మని అడగవచ్చు, కారణం చెప్పాల్సిన అవసరం కూడా లేదు.