మెనూలో లేని భోజనం, లెక్కలో లేని కూలి

2024 డిసెంబరులో తోమ్ యమ్ కుంగ్ అనే రొయ్యల చారు యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు, థాయ్‌లాండ్ తన వంటతో ప్రపంచాన్ని గెలిచిందన్న పొగడ్త పత్రికల్లో మరోసారి మారుమోగింది. ఆ గెలుపు వెనుక ప్రభుత్వ ముందుచూపు ఉందన్న మాట కూడా దానికి తోడైంది. 2002లో థక్సిన్ షినవత్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘గ్లోబల్ థాయ్’ పథకం, విదేశాల్లోని థాయ్ హోటళ్లను 8,000కు పెంచాలన్న లక్ష్యం, ఎగుమతి దిగుమతుల బ్యాంకు రుణాలు, అసలైన థాయ్ వంట అని వాణిజ్య శాఖ వేసే ‘థాయ్ సెలెక్ట్’ ముద్ర, ఇవన్నీ అందరూ చదివినవే. అయితే ఈ కథ చెప్పేవారు ఒక చిన్న లెక్క దగ్గర తడబడతారు. పథకం మొదలయ్యే నాటికే విదేశాల్లో సుమారు 5,500 థాయ్ హోటళ్లు నడుస్తున్నాయి. వాటిని తెరిచింది ఎవరు?

ఆ ప్రశ్నకు జవాబు బ్యాంకాక్ సచివాలయంలో దొరకదు. లాస్ ఏంజెలెస్ నగరంలో, హాలీవుడ్ బులెవార్డ్ మీద, వెస్టర్న్, నార్మండీ వీధుల మధ్య దొరుకుతుంది. 1999లో ఆ కొద్ది వీధుల నిడివికి నగర పాలక సంస్థ ‘థాయ్ టౌన్’ అని పేరు పెట్టింది. అక్కడ లాండ్రీకీ, గోళ్లకు రంగులు వేసే దుకాణానికీ మధ్య ఇరికిన ఎనిమిది బల్లల హోటల్ ఒకటి నాకు తెలుసు. భార్య పొయ్యి దగ్గర ఉంటుంది, భర్త వడ్డిస్తాడు, అత్తగారు వెనుక గదిలో రాతి రోలు ముందు కూర్చుంటుంది, కాలేజీలో చదివే కూతురు సాయంత్రం వచ్చి గల్లాపెట్టె దగ్గర పుస్తకం తెరుస్తుంది. గోడ మీద రాజుగారి పటం, దాని కింద చిన్న పూజా పీఠం, ప్రతి బల్ల మీదా ఎండు మిరప పొడి, పంచదార, మిరపకాయలు నానిన వెనిగర్, చేపల నుంచి తీసిన ఉప్పు రసం నామ్ ప్లా ఉన్న నాలుగు గిన్నెలు. చప్పదనాన్నో పులుపునో సరిచేసుకునే హక్కు తినేవారికే వదిలేసిన వంట అది.

అమెరికా 1965లో వలస చట్టాన్ని మార్చాక వచ్చిన తొలి తరం థాయ్ కుటుంబాలకు ఏ ప్రభుత్వ రుణమూ అందలేదు. అల్లం జాతి దుంప అయిన దుంపరాష్ట్రం దొరకనప్పుడు అల్లం వేశారు, మక్రూత్ నిమ్మాకు దొరకనప్పుడు మామూలు నిమ్మ తొక్క తురిమారు. 1970ల ఆరంభంలో లాస్ ఏంజెలెస్‌లో మొదటి థాయ్ కిరాణా దుకాణం తెరిచిన తర్వాతే వారికి తమ దినుసులు ఒక్కొక్కటిగా అందసాగాయి. నిమ్మజాతి చెట్లకు తెగుళ్లు సోకుతాయన్న భయంతో పెట్టిన నిషేధాల వల్ల పచ్చి మక్రూత్ ఆకును దేశంలోకి తేవడం కుదరదు కాబట్టి, చాలామంది పెరట్లో మొక్క పెంచుకున్నారు. ప్యూ పరిశోధన సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం అమెరికాలోని ఆసియా హోటళ్లలో 11 శాతం థాయ్ వారివి. ఆసియా సంతతి జనాభాలో మాత్రం వారు రెండు శాతానికి మించరు. ఇంత తేడా రావడంలో ప్రభుత్వ పథకానికి వాటా లేదని నేను అనను. కాని పునాది తవ్వి గోడలు లేపినవారు ఒకరైతే, గృహప్రవేశం నాడు రిబ్బను కత్తిరించినవారు ఇంకొకరు.

రిబ్బను కత్తిరించే చేతికి రుచిని కొలవాలన్న కోరిక కూడా పుట్టింది. 2014లో థాయ్‌లాండ్ జాతీయ ఆవిష్కరణల సంస్థ ఒక యంత్రాన్ని బయటపెట్టింది. వంటకాన్ని అందులో పెడితే సెన్సర్లు వాసననూ రుచినీ పసిగట్టి, ‘అసలైన’ థాయ్ రుచికి అది ఎంత దగ్గరగా ఉందో నూటికి ఇన్ని మార్కులని తేలుస్తాయి. కొలబద్ద ఎలా తయారైందన్నది ఇంకా ముచ్చటైన సంగతి. బ్యాంకాక్‌లోని చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో కొందరికి రకరకాల తోమ్ యమ్‌లు రుచి చూపించి, ఎక్కువ మందికి నచ్చినదాన్ని నూటికి నూరుగా తీసుకున్నారు. రాజధాని విశ్వవిద్యాలయంలో నలుగురికి నచ్చిన చారు దేశమంతటికీ ప్రమాణమైందన్నమాట. మన దగ్గర ఎవరైనా హైదరాబాద్ కాలేజీ క్యాంటీన్‌లో ఓటింగ్ పెట్టి, గెలిచిన చేపల పులుసుకు నూరు మార్కులు వేసి, దానితో నెల్లూరు పులుసును కొలిస్తే నెల్లూరు వారు ఏమంటారో ఊహించుకోవచ్చు.

ఈ యావ థాయ్ పాలకులకు కొత్త కాదు. 1939లో సియాం పేరును థాయ్‌లాండ్‌గా మార్చిన ప్రధాని ఫిబున్ సాంగ్‌క్రామ్, జనం ఎలాంటి దుస్తులు వేసుకోవాలో, ఏ భాషను గౌరవించాలో ఆదేశాలిచ్చిన మనిషి. చైనా నుంచి వలస వచ్చినవారి వేపుడు నూడుల్స్‌కు జాతీయత అద్ది ‘పాడ్ థాయ్’గా ఊరూరా నిలబెట్టింది ఆ కాలమే. ఈనాడు ప్రపంచంలో ఏ మూల థాయ్ హోటల్‌లోకి వెళ్లినా పాడ్ థాయ్, ఆకుపచ్చ కూర (గ్రీన్ కర్రీ), తోమ్ యమ్ అనే త్రిమూర్తులే ముందు దర్శనమిస్తారు. లావో మాట్లాడే ఈశాన్యపు ఇసాన్ పల్లెల పులిసిన చేపల పచ్చి ఘాటు, మలయా సరిహద్దు దాకా సాగే దక్షిణ తీరపు పసుపు కారం, ఉత్తరాన చియాంగ్ మై కొండల వైపు కొబ్బరి పాలు అంతగా వాడని పులుసులు ఈ త్రిమూర్తుల వెనుక గర్భగుడి చీకటిలో ఉండిపోతాయి. వంటకు జాతీయ జెండా కప్పిన ప్రతిచోటా ముందు చెరిగిపోయేది ప్రాంతమే. అమెరికాలో ‘ఇండియన్ రెస్టారెంట్’ బోర్డు కింద గోంగూర కోసం వెతికి, చివరికి బటర్ చికెన్‌తో సరిపెట్టుకున్న తెలుగువారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

చెరిగిపోకుండా కాపాడినవి, నేను చూసినంతలో, ఈ చిన్న కుటుంబ హోటళ్లే. పరాయివారి కోసం ఆంగ్లంలో ఒక మెనూ, తమవారి కోసం థాయ్ లిపిలో మాత్రమే ఇంకో మెనూ పెట్టుకోవడం అక్కడ చాలాకాలం నడిచిన ఆనవాయితీ. లాస్ ఏంజెలెస్‌లోని ‘జిత్‌లాడ’ హోటల్‌ను 2006లో దక్షిణ థాయ్‌లాండ్‌కు చెందిన తోబుట్టువులు తీసుకున్నారు. థాయ్ లిపిలో దాగి ఉన్న వారి దక్షిణాది వంటకాల జాబితా ఆంగ్లంలోకి వచ్చి, జొనాథన్ గోల్డ్ వంటి విమర్శకుల కంట పడ్డాక, ఊరంతా ఆ కారానికి వరుస కట్టింది. ఆ జాబితాను ఏ అధికారీ రాయలేదు. తమ అమ్మ వండినది ఈ ఊళ్లో ఎవరో ఒకరు తింటారన్న మొండి నమ్మకమే దాన్ని రాయించింది.

పథకాన్ని సమర్థించేవారు చెప్పేదాంట్లో కొంత న్యాయం ఉంది. 1997లో తన కరెన్సీ బాత్ కుప్పకూలి, ఆ సంక్షోభానికే ‘తోమ్ యమ్ కుంగ్’ అని పేరు పడిన దేశం, ఎగుమతి చేయగలిగిన ప్రతిదాన్నీ ఎగుమతి చేయాలనుకోవడం తప్పు కాదు. రుణాలు, శిక్షణ, దినుసుల సరఫరా కొత్తగా వచ్చినవారికి దారి సులువు చేశాయి. థాయ్ పేరు తగిలించుకుని సీసాల్లోని తీపి సాస్ పోసే దుకాణాల నుంచి ఒక ముద్ర కొంత రక్షణ ఇస్తుంది కూడా. ఒప్పుకుంటాను. కాని ఆ ముద్ర వంటకాన్ని చూస్తుందే గాని వండే మనిషిని చూడదు.

వండే మనిషి దగ్గరకు వద్దాం. ఆకుపచ్చ కూరకు ముద్ద నూరాలంటే ధనియాలు, జీలకర్ర వేయించాలి. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, మక్రూత్ తొక్క, కొత్తిమీర వేళ్లు, పచ్చిమిరపకాయలు, ‘కపి’ అనే రొయ్యల ముద్ద ఒకదాని తర్వాత ఒకటి రోట్లో వేసి, పీచు తెలియనంత మెత్తగా దంచాలి. అమెరికా సూపర్ మార్కెట్లలో కొత్తిమీర కట్టను తరచుగా వేళ్లు కోసే అమ్ముతారు కాబట్టి ముందు ఆ వేళ్లను వెతకాలి. ఇదంతా చేసే అత్తగారికి జీతం లేదు. పొయ్యి దగ్గర కోడలికీ ఉండదు, గల్లా దగ్గర మనవరాలికీ ఉండదు. డబ్బా తెరిస్తే రెండు నిమిషాల్లో అయ్యే పనిని ఆ ఇంట్లో రోటితో చేయడానికి వీలవుతున్నది ఆ శ్రమ ఏ లెక్కలోకీ రాకపోవడం వల్లనే. మనం మురిసిపోయే ‘చౌకైన, అసలైన’ రుచికి రాయితీ ఇస్తున్నది ప్రభుత్వం కాదు, ఆ ముసలామె భుజం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఈ ‘చౌక’ అన్న మాటే. ఇటలీ పేరున్న పిండి పోగుల పళ్లేనికి ఎంతైనా ఇవ్వడానికి సిద్ధపడే మనిషి, బియ్యపు నూడుల్స్ ధర రెండు డాలర్లు పెరిగితే నొసలు చిట్లిస్తాడు. ఆసియా వంట అంటే చౌకగానే ఉండాలని, అది చిన్న హోటల్‌లోనే దొరకాలని, వండేవారు నవ్వుతూ వడ్డించాలని అతని తీర్మానం. ఆ తీర్మానం వల్ల నష్టపోయేది ఎప్పుడూ కుటుంబమే. ఫోన్ యాప్ ద్వారా ఆర్డరు వస్తే కంపెనీలు 30 శాతం దాకా కమిషన్ గుంజుకుంటాయి, అద్దె పెరుగుతుంది, నూనె ధర పెరుగుతుంది, పెరగకుండా ఉండగలిగింది ఇంటివారి కూలి ఒక్కటే, ఎందుకంటే అది మొదటి నుంచీ సున్నా. 1995లో అదే లాస్ ఏంజెలెస్ పక్కన ఎల్ మాంటేలో, ముళ్ల కంచె వెనుక బంధించి బట్టలు కుట్టించుకుంటున్న 72 మంది థాయ్ కార్మికులను విడిపించినప్పుడు అమెరికా నివ్వెరపోయింది. కుటుంబ హోటల్‌ను దానితో పోల్చడం అన్యాయం. ఇక్కడ కంచె లేదు, ప్రేమ ఉంది. అయినా ఆ చౌక చొక్కాను కొన్నవారూ, ఈ చౌక కూరను మెచ్చుకునేవారూ ధర వెనుక ఎవరున్నారో అడగకపోవడంలో ఒకే కోవకు చెందుతారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇలాంటి హోటల్ గట్టిగా నిలబడితే మూతపడుతుంది. తల్లిదండ్రులు పద్దెనిమిదేళ్లు పొగలో నిలబడేది పిల్లలు ఆ పొగలోకి రాకుండా ఉండటానికే. మన ఊళ్లలో మెస్ నడిపి పిల్లలను ఇంజినీర్లను చేసి, చివరికి బోర్డు దించేసిన ఇళ్లు ఎన్ని లేవు! హోటళ్ల సంఖ్యను బట్టి విజయాన్ని లెక్కించే ప్రభుత్వ పట్టికలో ఆ మూసివేత నష్టంగానే నమోదవుతుంది. మంచి కూలి గిట్టే పని అయితే ఆ పిల్లల్లో ఒకరైనా ఇష్టపడి రోలు ముందు కూర్చునేవారేమో అన్న ఆలోచనకు ఆ పట్టికలో గడి లేదు.

బ్యాంకాక్, పట్టాయా వెళుతున్న మనవాళ్లు ఆవకాయ సీసాతో దిగి, మూడు పూటలా ఇండియన్ హోటళ్లలోనే గడిపి రావడం చూస్తే నాకు కాస్త చిరాకుగానే ఉంటుంది. పాడ్ క్రపావ్ అనే మాంసం వేపుడులో వేసేది మన తులసి కోట మీది తులసికి తోబుట్టువే. పళ్లేల్లో కూరలు పేర్చి అన్నం మీద వడ్డించే అక్కడి ఖావ్ గేంగ్ దుకాణం మన కర్రీ పాయింట్‌కు దాయాది. పలకరింపు కూడా మనదే: ‘కిన్ ఖావ్ రూ యాంగ్’, అన్నం తిన్నావా అని.

ఆ ఎనిమిది బల్లల హోటల్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక, తలుపు మీద బోర్డు తిప్పేసి, ఆ కుటుంబం మూల బల్ల దగ్గర భోజనానికి కూర్చుంది. వెదురు బుట్టలో జిగురన్నం, వేయించిన చేప, పచ్చి క్యాబేజీ, బొబ్బర్లు, నడుమ నామ్ ప్రిక్ అనే రోటి పచ్చడి. ఇవేవీ మెనూలో లేవు. నేను తలతిప్పకుండా చూస్తున్నానని గ్రహించి తల్లి ఒక చిన్న గిన్నె నా ముందు పెట్టింది. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి, రెండో ముద్ద ఆపలేకపోయాను. ధర ఎంతని అడిగితే, ఇంటి తిండికి ధరేమిటని తల్లి చెయ్యి ఊపేసింది. కూతురు మాత్రం పుస్తకం మూసి, పెన్ను తీసుకుని, నా బిల్లు చివర ఒక వరుస చేర్చింది: బామ్మ పచ్చడి, తొమ్మిది డాలర్లు. తల్లి థాయ్‌లో ఏదో కసిరింది. ఆ అమ్మాయి అంకె కొట్టేయలేదు. బామ్మ తల వంచుకుని తింటూనే ఉంది గాని, ఆవిడ నవ్వు నాకు కనబడింది.