ఎండాకాలం చివరి వారాలు ఇంటి రిపేర్లవి, రంగులకి తగలెయ్యకండి

ఇంకొన్ని వారాల్లో వానలు మొదలవుతాయనగా చాలామంది ఇంటి ఓనర్లు చేసే మొదటి పని హాలుకి కొత్త రంగు వేయించడం. చూస్తే ఒళ్లు మండుతుంది నాకు. రంగుదేముందండీ, ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఏడాది మొత్తంలో ఇల్లు లోపలిదాకా ఎండి ఉండేది ఇప్పుడే, డాబా దగ్గర్నుంచి తలుపు చెక్కదాకా ఏ రిపేరుకైనా ముందు కావాల్సింది ఆ పొడిదనమే. దాన్ని చేతులారా వదిలేసుకుని, తీరా వానల్లో తడిసిన స్లాబ్ మీద గొడుగేసుకుని నిలబడి మేస్త్రీకి ఫోన్ల మీద ఫోన్లు. ఆయన రాడు. వచ్చినా తడి మీద ఏం చేయలేడు.

ముందు డాబా ఎక్కండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5000 లీటర్లు, అదంతా మూలనున్న ఒకటి రెండు పైపుల్లోంచే కిందికి దిగాలి. ఆ పైపు నోటి దగ్గర ఇప్పుడు ఏముందో వెళ్లి చూడండి. ఎండుటాకులు, పావురాల ఈకలు, ఎప్పుడో పనివాళ్లు వదిలేసిన సిమెంటు పెళ్లలు. చేత్తో తీసేయడం పావుగంట పని. తర్వాత రెండు బకెట్లు నీళ్లు పోసి, కింద ధారగా వస్తోందా లేక ఏడుస్తూ వస్తోందా చూసుకోండి. నీళ్లు నిలిచే చోట్లు కూడా ఇప్పుడే కనిపెట్టచ్చు, అక్కడ దుమ్ము ఎండిపోయి అంచులతో సహా మరక కట్టి ఉంటుంది. వాలు మీటరుకి కనీసం ఒక సెంటీమీటరైనా లేకపోతే జరిగేది అదే.

పగుళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు తగలేసేది ఇక్కడే. కాంక్రీటు వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. 30 డిగ్రీల తేడా వస్తే పది మీటర్ల స్లాబ్ దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. అందుకే సిమెంటు పాలు పోసి పూడ్చిన పగులు ఏడాది తిరక్కుండా అదే చోట మళ్లీ నోరు తెరుస్తుంది, మనమేమో సిమెంటు మంచిది కాదంటాం. అక్కడ కావాల్సింది స్లాబ్‌తో పాటు సాగే సీలెంట్, అంటే పగుళ్లు పూడ్చే రబ్బరులాంటి ముద్ద. పగులుని కొంచెం వెడల్పుగా చెక్కి, లోపలి దుమ్మంతా బ్రష్‌తో ఊడ్చి నింపాలి. అదీ పొద్దున్నే, స్లాబ్ చల్లగా ఉన్నప్పుడు. మిట్టమధ్యాహ్నం అదే పగులు సన్నగా మూసుకుని అమాయకంగా కనిపిస్తుంది. బీములోనో పిల్లర్‌లోనో పగిలి తుప్పు రంగు కారుతుంటే మాత్రం సీలెంట్ జోలికి పోకుండా ఇంజనీరుని పిలవండి.

ఇక వాటర్‌ప్రూఫింగ్. మా డాబా మీద ఓసారి ఒకాయన ముందురోజు సాయంత్రం కడిగిన స్లాబ్ మీద తెల్లారేసరికి కోటింగ్ మొదలుపెట్టేశాడు. ఆరలేదేమో అంటే "ఎండకి అదే లాగేస్తుంది సార్" అన్నాడు. పైపొర లాగేసింది నిజమే, కింద ఉన్న చెమ్మ ఆవిరై బుడగలు లేచింది, తర్వాత వేలితో పట్టి లాగితే అరచేతి వెడల్పు పొరలు చేతికొచ్చాయి. స్లాబ్ ఆరిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పద్ధతి ఉంది. అడుగున్నర ప్లాస్టిక్ షీటుని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా స్లాబ్‌కి అంటించి, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దెక్కేదాకా వదిలేయండి. తీసి చూస్తే లోపలివైపు నీటి బిందువులుంటే ఆగాల్సిందే. అలాగే పిట్టగోడ స్లాబ్‌ని కలిసే మూలని మర్చిపోవద్దు. మధ్యలో నున్నగా రెండు కోట్లు వేసి ఆ మూలని వదిలేస్తే నీళ్లు అక్కడినుంచే దిగుతాయి, గోడలోంచి ఆరుతూ ఇటుకలో, సిమెంటులో ఉన్న లవణాలని పైకి తెచ్చి వదిలేస్తాయి. మీరు ముచ్చటపడి వేయించిన హాలు రంగు పెచ్చులూడేది అందుకే.

తలుపుల దగ్గరా ఇదే తెలివి. వానాకాలంలో బిగుసుకుపోయిందని వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టిస్తారు, మళ్లీ ఎండలొచ్చేసరికి ఆ సందులోంచి బల్లి హాయిగా తిరుగుతుంటుంది. చెక్క గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బింది, అంతే కదా. ఫోన్ కెమెరా ఆన్ చేసి తలుపు కింద నేల మీద పెట్టి ఒక ఫొటో తీయండి. ముందూ వెనకా అద్దంలా మెరిసే పాలిష్, కింది అంచు మాత్రం పచ్చి చెక్క! పై అంచూ అంతే, ఎవరు చూస్తారులే అని వదిలేస్తారు. తేమ బాగా ఎక్కేది ఆ కోసిన అంచుల్లోంచే. చెక్క పొడిగా ఉన్న ఈ రోజుల్లోనే ఆ రెండు అంచులకీ రెండు పూతలు వేయిస్తే చిత్రికతో పని పడదు.

స్లైడింగ్ కిటికీల ట్రాక్‌కి బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి, నీళ్లు పోవడానికి. పాత టూత్‌బ్రష్ చాలు. గోడ వెంట మట్టి గొట్టాలు పాకుతున్నాయంటే చెదలు, తొలకరికి ఉసిళ్లు లేచేదాకా ఆగకండి.

కరెంటు విషయంలో మాత్రం బద్ధకం వద్దు. బోర్డులో ఆర్‌సీసీబీకి, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్‌కి, టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కగానే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే తడి గోడల రోజుల్లో షాక్ కొడితే కాపాడేవాడు లేడు. ఎర్తింగ్ కూడా ఇప్పుడే కొలిపించండి, మట్టి ఎండితే రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి ఇప్పుడు రీడింగ్ బాగుంటే వానల్లో బెంగ ఉండదు.

కూలర్లు, తొట్లు ఒంపేసి మూల పడేస్తే సరిపోదు. డెంగీ దోమ గుడ్లు నీటి మట్టానికి కొంచెం పైన గోడకి అతుక్కుని నెలల తరబడి ఎండి కూడా బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే వారం పది రోజుల్లో దోమలే. గట్టి బ్రష్‌తో తోమాలి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో గోల. టెర్రస్ అందరిదీ అంటారు, లీకేజీ మాత్రం పై అంతస్తు వాళ్ల ఖర్మ అట! స్లాబ్‌లో ఇనుము తుప్పు పడితే ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాటుకి కూడా రేటు పడిపోతుందని ఎంతమందికి చెప్పినా అర్థం కాదు. లిఫ్ట్ ముందు గ్రానైట్ అంటే మీటింగ్‌లో అందరూ చేతులెత్తుతారు, టెర్రస్ కోటింగ్ అనేసరికి "వానలు తగ్గాక చూద్దాం" అంటారు. వానలు తగ్గాక చూడ్డానికేముంది, పై ఫ్లోర్ వాళ్ల సీలింగ్ తప్ప?