గది సాగర్‌లో, గల్లాపెట్టె మరోచోట

నాగార్జున సాగర్ గేట్లు ఎత్తారన్న వార్త రావడమే ఆలస్యం, హైదరాబాద్ కార్లు మాల్, మల్లేపల్లి మీదుగా బారులు తీరతాయి. శనివారం సాయంత్రానికి హిల్ కాలనీలో గది దొరకడం గగనమే. దారిలోనే ఎవరో ఒకరు ఫోన్ తీసి గదులు బుక్ చేసే యాప్ తెరుస్తారు. 'ఇంకా 2 గదులే ఉన్నాయి' అని ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. పిల్లలతో రాత్రిపూట ఎక్కడ తిరగాలన్న టెన్షన్‌లో వెంటనే డబ్బు కట్టేస్తారు. ఆ రెండు గదులూ చాలాసార్లు లాడ్జి ఆ యాప్‌కు కేటాయించిన వాటిలో మిగిలినవి మాత్రమే. కౌంటర్ దగ్గర మరో నాలుగు ఖాళీగా ఉండొచ్చు.

కట్టిన డబ్బు ఎటు పోతుందో చూద్దాం. గది అద్దె 2,000 రూపాయలు అనుకోండి. హోటళ్ల నుంచి ఈ యాప్‌లు తీసుకునే కమీషన్ సాధారణంగా 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 20 శాతం లెక్కన 400 రూపాయలు. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ మరో 72. లాడ్జికి మిగిలేది 1,528. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న లాడ్జికి ఆ 72 తిరిగి వచ్చే దారి లేదు. దుప్పట్లు ఉతికించడం, కరెంటు బిల్లు, రూమ్ బాయ్ జీతం అన్నీ మిగిలిన దాంట్లోనే వెళ్లాలి. యాప్‌లో కనిపించే 'ఆఫర్' తగ్గింపులో కూడా చాలాసార్లు కొంత భాగం లాడ్జి నెత్తినే పడుతుంది. జాబితాలో పేరు పైన కనిపించాలంటే ప్రకటన ఖర్చు వేరు. ముందే మొత్తం కట్టించుకునే పద్ధతిలో యాత్రికుడి డబ్బు ముందు యాప్ ఖాతాలో పడుతుంది. అతను గదిలో దిగాకే లాడ్జికి చేరుతుంది. ఈ లోపు వేల మంది అడ్వాన్సులు ఆ సంస్థ చేతిలో తిరుగుతూ ఉంటాయి.

కమీషన్ తీసుకోవడమే తప్పని మేం అనడం లేదు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఇబ్బంది పడ్డ తెలంగాణ యువకుడు ఫణీంద్ర సామ మరుసటి ఏడాది స్నేహితులతో కలిసి బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ పెట్టారు. అంతకుముందు ఏ ట్రావెల్స్‌లో సీటు ఉందో తెలియక పది ఆఫీసులు తిరిగేవాళ్లం. ఆ తిరుగుడు తప్పించిన పనికి కూలి అడగడం న్యాయమే. మా పట్టుదల ఒక్కటే. ఆ కూలి ఎంతో కట్టేవాడికీ తెలియాలి, గది ఇచ్చేవాడికీ బేరమాడే వీలుండాలి.

ఆ వీలు ఎలా పోయిందో వ్యాపారాల్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులోనే చెప్పింది. గదులు బుక్ చేసే మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు 223 కోట్లకు పైగా, ఓయోకు 168 కోట్లకు పైగా జరిమానా వేసింది. హోటల్ తన సొంత కౌంటర్‌లోనో మరో సైట్‌లోనో యాప్ రేటు కంటే తక్కువకు గది ఇవ్వకూడదన్న షరతు అందులో ముఖ్యమైన తప్పు. ఆ షరతు తీసేయాలని మేక్‌మైట్రిప్‌ను ఆదేశించింది. జరిమానా మీద సంస్థలు అప్పీలుకు వెళ్లాయి. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరులోనో సోమశిలలోనో నాలుగు గదులున్న యజమాని మాత్రం అంత దూరం వెళ్లి కొట్లాడలేడు. ఎంత రేటు రాయమంటే అంత రాస్తాడు.

రెండు యాప్‌లు పోల్చి చూశాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకూ ఒక మాట. మేక్‌మైట్రిప్, గోఐబిబో, రెడ్‌బస్ మూడూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. టికెట్లు అమ్మే ఇక్సిగో, కన్ఫర్మ్‌టికెట్, అభిబస్ మరో గొడుగు. బుకింగ్ డాట్‌కామ్, అగోడాలదీ ఒకే యాజమాన్యం. చాలాసార్లు మనం పోల్చేది ఒకే ఇంటి రెండు గుమ్మాలను.

విమాన టికెట్ మీద వీటికి మిగిలేది తక్కువ. అందుకే టికెట్ కొన్న మరుక్షణం నుంచి హోటల్ ప్రకటనలు వెంటపడతాయి. అసలు లాభం గదుల దగ్గర ఉంది. రైలు సంగతి వేరు. మహబూబ్‌నగర్‌లో రైలెక్కే మనిషి ఐఆర్‌సీటీసీలో నేరుగా యూపీఐతో కడితే కన్వీనియెన్స్ ఫీజు స్లీపర్‌కు 10, ఏసీకి 20 రూపాయలు, పైన జీఎస్టీ. ప్రైవేటు యాప్‌లో కొంటే దీని మీద దాని సొంత సర్వీసు చార్జీ కలుస్తుంది. రైల్వే ప్రయాణ బీమా ఒక్కొక్కరికి 45 పైసలు. అదే యాప్‌లలో బీమా, 'ఫ్రీ క్యాన్సిలేషన్' పేరుతో పదులు, వందల్లో అడుగుతారు. పేరులో ఫ్రీ ఉన్నా దానికి ముందే డబ్బు కట్టాలి.

పాలమూరు నుంచి ముంబైకి కూలి పనికి వెళ్లే కుటుంబాన్ని తలచుకుంటే మాకు బాధ కలుగుతుంది. ఊళ్లో చదువుకున్న పిల్లవాడి ఫోన్‌లో నాలుగు సీట్లు బుక్ చేయిస్తారు. మొదటి పేజీలో ఒక ధర, చివరి పేజీలో మరో ధర. మధ్యలో ఎక్కడ ఏ గడిలో టిక్కు పడిందో ఆ పిల్లవాడికీ తెలియదు. పోయింది వంద రూపాయలే కావచ్చు, కానీ అది దారిలో పిల్లల తిండి ఖర్చు.

ఇలాంటి వాటిని ఆపడానికే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చింది. 13 మోసపు పద్ధతులను పేరుపెట్టి నిషేధించింది. అడగకుండా బుట్టలో అదనపు వస్తువు వేయడం, లేని తొందర పుట్టించడం, ధరను కొంచెం కొంచెంగా బయటపెట్టడం మూడూ అందులో ఉన్నాయి. నిబంధన ఉంది, అమలుచేసే చెయ్యి కావాలి. మోసపోయినవాళ్లు 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు. స్క్రీన్ ఫొటో దాచుకుంటే బలంగా ఉంటుంది.

లాడ్జీల వైపు నుంచి ప్రభుత్వం చేయగలిగింది ఇంకా తేలిక. హరిత హోటళ్లకు పర్యాటక సంస్థ సొంత బుకింగ్ నడుపుతోంది. సాగర్, సోమశిల, అలంపూర్, మన్ననూరు, యాదగిరిగుట్టల్లోని చిన్న ప్రైవేటు లాడ్జీలకూ అందులో చోటివ్వాలి. కనీసం పేరు, రేటు, ఫోన్ నంబరు ఉన్న జాబితా తెలుగులో జిల్లా వెబ్‌సైట్లలో పెట్టాలి. వచ్చే వానాకాలం సాగర్ గేట్లు ఎత్తేలోపు ఆ జాబితా సిద్ధం చేయాలని నల్లగొండ, నాగర్‌కర్నూల్, గద్వాల, యాదాద్రి కలెక్టర్లను కోరుతున్నాం.