ఆత్మకథాభిమానుల తనిఖీకి ఒక ప్రతిపాదన

పక్కింటి కిటికీలోంచి తొంగి చూస్తే తప్పు. ఆ పక్కింటాయన పోయిన యాభై ఏళ్లకు, ఆయన రాసుకున్న పుస్తకంలోంచి తొంగి చూస్తే సాహిత్యాభిలాష. రెంటికీ మధ్య తేడా అట్ట ఒక్కటే. ఈ రెండో పని నేను చాలా ఏళ్లుగా నిష్ఠగా చేస్తున్నాను కనుక కొంత అధికారంతోనే మాట్లాడుతున్నాను.

మన సమాజాన్ని పట్టిన జాడ్యం ఏమిటంటే, "మీకు నచ్చిన ఆత్మకథ ఏది?" అని అడగ్గానే ప్రతివాడూ గొంతు సవరించుకుని గాంధీగారి 'సత్యశోధన' అంటాడు. మా బంధువొకాయన పెళ్లి పంక్తిలో కూర్చుని, అరిసె నములుతూ కూడా అదే అన్నాడు. తరవాత వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తీసి చూశాను. దొంగచాటుగా మాంసం తిన్న ఘట్టం, అన్నగారి కడియంలోంచి బంగారం ముక్క కాజేసిన ఘట్టం... అక్కడిదాకా కాగితాలు పాత పది రూపాయల నోట్లలా నలిగిపోయి ఉన్నాయి. ఆపైన దక్షిణాఫ్రికా మొత్తం ఇస్త్రీ మడత నలగలేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఇష్టమైన ఆత్మకథ పేరు చెప్పేవాళ్లు ఆ పుస్తకాన్ని వెంట తేవాలి. పేజీల మూలల మడతలు, కాఫీ మరకలు, పోపు వాసన పరీక్షించాకే ఇష్టాన్ని నమోదు చేయాలి. మడత లేని పుస్తకం చదవనిదాని కింద లెక్క. ఎవరికీ మినహాయింపు లేదు.

న్యాయంగా తనిఖీ నా అల్మారాతోనే మొదలుపెట్టాను. టంగుటూరి ప్రకాశం 'నా జీవిత యాత్ర'. 1928లో మద్రాసులో తుపాకుల ముందు గుండె చూపిన వీరుడు కదా, మడత అక్కడ ఉండాలి. లేదు. ఒంగోలులో వాళ్లమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపిన రోజుల దగ్గర ఒకటి, కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టిన చోట ఇంకొకటి ఉన్నాయి. దేశభక్తి విషయంలో నేను ఫెయిలు.

వీరేశలింగం గారి 'స్వీయ చరిత్రము' దగ్గరా అంతే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. చరిత్రకి తేదీ చాలు. నాకు మాత్రం ఆ పెళ్లింట్లో వంట ఎవరు చేశారో కావాలి. వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ మొహం చాటేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండారు. ఆవిడే కలం పట్టి ఆ నాలుగు రోజుల సంగతీ రాసి ఉంటే, ఆయనగారి రెండు భాగాలూ నా అరలోంచి కదిలేవి కావు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూను' తనిఖీకి దొరకలేదు. వైదిక విద్యల ఇంట్లో పుట్టి, తెలుగులోనే రాస్తానని మొండికేసిన మనిషి కథ. పేరు చివర ఆ 'ను' చూడండి. అది లేకపోతే ఉప్పు వెయ్యని పప్పే. ఇంత మంచి పుస్తకాన్ని ఒంటరిగా దాచుకోవడం పాపమని ఒక మిత్రుడికిచ్చాను. అది వాళ్లింట్లో స్థిరపడింది. మళ్లీ కొని మళ్లీ పంచాను. నచ్చిన పుస్తకాన్ని పంచుకోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

హరికథలకు పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారిమీద మాత్రం ఫిర్యాదుంది. ఎనభై ఏళ్లు బతికిన మహానుభావుడు, 'నా ఎరుక'ని ముప్పై ఏళ్ల దగ్గర ఆపేశారు. హరికథలో ఇలా మధ్యలో లేచిపోతే జనం ఊరుకునేవారా? ముళ్లపూడి వెంకటరమణ అయితే 'కోతి కొమ్మచ్చి' అని పేరులోనే ముందస్తు బెయిలు తీసుకున్నారు. ఏ కొమ్మ మీంచి ఏ కొమ్మకి దూకినా అడగడానికి లేదు.

చివరగా కింది అరలో కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడ తొంభై దాటారు. భర్త విడిచి వెళ్లాడు. బిడ్డలిద్దరూ తనకంటే ముందే పోయారు. తొంగి చూసి ముచ్చటపడదామని ఒక రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టాను. కిటికీ అవతల నుంచి ఆవిడే నన్ను చూస్తున్నట్టుంది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. కాఫీ పెట్టుకోవడానికి కూడా లేవలేదు.

పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క మడత లేదు, మరక లేదు. నా నిబంధన ప్రకారం ఇది నేను చదవని పుస్తకం.