చెకోస్లొవాకియా సర్కారు వారి కుర్చీకి ఒక అర్జీ

విషయం: గ్రామఫోను మోటారు తాలూకు పాత బాకీ గురించి.

మహారాజశ్రీ కుర్చీగారికి,

1992 డిసెంబరు 31 అర్ధరాత్రితో తమరి దేశమే రెండు ముక్కలైంది. ఏ చిరునామాకు పంపాలో తెలియక ఇలా బహిరంగంగా రాస్తున్నాను. నేను మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాణ్ణి. వాటి పుట్టుకలో తమరి పాత్ర చిన్నది కాదు.

1958లో ఒట్టో విఖ్టర్లే అనే ప్రొఫెసర్‌ని రాజకీయ ప్రక్షాళన పేరుతో ప్రాగ్‌లోని రసాయన సాంకేతిక విద్యాసంస్థ నుంచి గెంటేశారు. అదే ఏడు ఇంకో చేత్తో పాలిమర్ల మీద, అంటే ప్లాస్టిక్ లాంటి గొలుసు అణువుల మీద, పరిశోధన చేసే కొత్త సంస్థకు డైరెక్టర్ని చేశారు. భవనం మాత్రం ఇంకా కడుతున్నారు. పెళ్ళికొడుకును ముస్తాబు చేసి పందిరి వెయ్యడం మర్చిపోయినట్టు! పాపం, ఆయన వంటింటి బల్ల మీద పని మొదలుపెట్టాడు.

అప్పటిదాకా లెన్సంటే గట్టి ప్లాస్టిక్కే. ఆయనా, సహచరుడు ద్రహోస్లావ్ లిమ్ కలిసి తయారుచేసింది వేరే సరుకు. హెమా అనే అణువులను గొలుసులుగా కూర్చి, గొలుసులను అక్కడక్కడా ముడేసిన వల అది. ఎండితే పెళుసు, గట్టిగా వంచితే పుటుక్కుమంటుంది. నీళ్ళలో వేస్తే గొలుసుల వెంట ఉన్న హైడ్రాక్సిల్ గుంపులు నీటిని పట్టేసుకుని, బరువులో దాదాపు 38 శాతం నీరే అయ్యేదాకా ఉబ్బుతుంది. ముడులున్నాయి గనక కరిగిపోదు. వలలోని సందులు వెలుగు తరంగం కంటే చాలా చిన్నవి గనక వెలుగు చెదరదు, మసకబారదు. ఇదంతా 1960లోనే నేచర్ అనే విజ్ఞాన పత్రికలో అచ్చయింది. తమరూ తిరగేసే ఉంటారు, సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ.

చిక్కల్లా ఆకారంతోనే వచ్చింది. మూసిన అచ్చుల్లో పోస్తే, తీసేటప్పుడు అంచులు చిరిగిపోయేవి. 1961 క్రిస్మస్ నాటి మధ్యాహ్నం ఆయన పిల్లలు బిగించి ఆడుకునే మెర్కుర్ అనే బొమ్మల సెట్టు ముక్కలూ, కొడుకు సైకిల్ డైనమో, గంట మోగించే ట్రాన్స్‌ఫార్మరూ కలిపి ఒక యంత్రం బిగించాడు. గిరగిర తిరిగే చిన్న గుంట అచ్చులో చుక్కంత ద్రవం వేస్తే, అది అంచులకు పాకి అలాగే గట్టిపడింది. బయటి వంపు అచ్చుది, లోపలి వంపు వేగానిది. అలా తయారైనవి నాలుగు లెన్సులు. తన కళ్ళలోనే పెట్టి చూసుకున్నాడు. పవరు కుదరలేదు గానీ కన్ను నలగలేదు.

డైనమో చాలక తర్వాత గ్రామఫోను మోటారు పీకాడు. 1962లో మొదటి నాలుగు నెలల్లో ఆయనా, భార్య లిండా ఇంట్లోనే 5,500 లెన్సులు చేశారు. ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ అంటే ఇదేనా సార్?

ఆపైన తమరి శాస్త్ర అకాడమీ పేటెంటు హక్కులను అమెరికా కంపెనీకి అమ్మేసింది. 1968లో సంస్కరణలకు మద్దతుగా సంతకం పెట్టినందుకు 1970లో ఆయన్ని డైరెక్టరు పదవి నుంచి దించారు. 1971లో ఆ లెన్సుకు అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. ముహూర్తబలం తమరిది!

లెన్సుకూ లోపం ఉందండోయ్, దాచను. నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు రక్తనాళాలు లేవు, దానికి గాలే ఊపిరి. ఆ పాత లెన్సులో ఆక్సిజన్ నీటి గుండానే ఈదాలి, అది చాలేది కాదు. 1990ల చివర్లో సిలికోన్ కలిపాక గాని ఆ ఉక్కపోత తీరలేదు. ఊపిరాడని వ్యవహారం తమరికి కొత్త కాదు గనక వివరించను.

1989లో తమరి కమ్యూనిస్టు పాలన కూలాక, పేటెంటు అమ్ముకున్న ఆ అకాడమీకే విఖ్టర్లే అధ్యక్షుడయ్యాడు. అందువల్ల పెద్ద లెక్కలు అడగను. పిల్లవాడి సైకిల్ డైనమోకూ, ఆ గ్రామఫోను మోటారుకూ సర్కారు తరఫున ఏమైనా రసీదు ఇచ్చారా? ఇచ్చుంటే ఒక నకలు పంప ప్రార్థన.

ఇట్లు,
మైనస్ నాలుగు పవరు గల ఒక లబ్ధిదారుడు