స్లైడ్ గిటార్ కొని వాయించనివారి పక్షాన ఒక విన్నపం

దేశంలో ప్రతి వర్గానికీ ఒక సంఘం ఉంది, ప్రతి సంఘానికీ ఇద్దరు అధ్యక్షులున్నారు. బ్లూస్ స్లైడ్ గిటార్ కొని ఇంకా వాయించని వర్గానికి మాత్రం అడిగే దిక్కు లేదు. స్లైడు అంటే వేలికి తొడుక్కుని తీగల మీద జార్చే గొట్టం. వీళ్ల దగ్గర గాజు స్లైడు ఉంది, ఇత్తడిది ఉంది, ఉక్కుది ఉంది, పింగాణీది కొరియర్‌లో వస్తోంది. లేనిదల్లా శ్రుతి. ఆ ఒక్క లోటు పట్టుకుని లోకం వీళ్లను కళాకారుల లెక్కలో వేయకపోవడం అన్యాయం. దీనికి తోడు కొందరు పనిగట్టుకుని సలహాలిస్తున్నారు. వాటిలో కొన్నింటిని పాటిస్తే మనిషికి నిజంగానే వాయించడం వచ్చేసే ప్రమాదం ఉంది. అవేమిటో ముందే తెలిస్తే జాగ్రత్తపడొచ్చన్నదే ఈ విన్నపం ఉద్దేశం.

స్లైడు ఏ పదార్థంతో చేసిందై ఉండాలన్న చర్చ పూర్తిగా సురక్షితం. దానివల్ల ఎవరి వాయింపూ బాగుపడిన దాఖలా లేదు కాబట్టి ఎంతకాలమైనా సాగదీయొచ్చు. గాజు తేలిక, నాదం మెత్తన. ఇత్తడి బరువు, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, కాస్త గరుకు కూడా ఉంటుంది. సన్నతీగల మీద బరువైన స్లైడు పెడితే తీగ కుంగి మెడ మీది లోహపు మెట్లకు, అంటే ఫ్రెట్లకు, కొట్టుకుంటుంది, లావు తీగల మీద పల్చని గాజు పెడితే నాదం పీలగా వస్తుంది. మొత్తం శాస్త్రం ఇంతే. దీన్నే నాలుగేళ్లు చర్చించే ఓపిక మనకుంది.

ఈ చర్చలోకి చరిత్రను మాత్రం రానివ్వకూడదు. 1903 ప్రాంతంలో మిసిసిపీ రాష్ట్రం టట్‌వైలర్ రైల్వేస్టేషన్లో బ్లూస్ సంగీతకర్త డబ్ల్యు.సి. హ్యాండీ రైలు కోసం కునికిపాట్లు పడుతుంటే, పక్కన చినిగిన బట్టల మనిషొకడు తీగల మీద చాకు ఆనించి గిటార్ వాయించాడు. ఆ చాకు ఏ బ్రాండుదో హ్యాండీ రాయలేదు. బ్లూస్ పుట్టిన మిసిసిపీ డెల్టాలో పిల్లలు చీపురుకు చుట్టిన ఇనపతీగ విప్పి, ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య బిగించి, కింద సీసా దూర్చి, ఇంకో సీసాను తీగ మీద జార్చి నేర్చుకున్నారు. దాన్ని డిడ్లీ బో అంటారు. 1968లో రాక్ గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్‌కు జలుబు చేస్తే తమ్ముడు గ్రెగ్ కోరిసిడిన్ మాత్రల సీసా తెచ్చిచ్చాడు. అన్నగారు మాత్రలు ఖాళీ చేసి, లేబుల్ కడిగేసి, సీసాను ఉంగరం వేలికి తొడిగాడు. జలుబు ఏమైందో చరిత్రకు పట్టలేదు. ఇలాంటి కథలు వింటే కొరియర్‌లో వస్తున్న పింగాణీ స్లైడు మీద విరక్తి పుడుతుంది.

సీసా మెడ కోసి సొంతంగా స్లైడు చేసుకుందామనే ఉత్సాహవంతులు కొందరుంటారు. మంచి కాలక్షేపమే, కాకపోతే చివర్లో పనికొచ్చే స్లైడు చేతికొస్తుంది, అదే చిక్కు. మెడ నిటారుగా ఉండాలి, లోపల వేలి రెండో కణుపు దాటేంత వెడల్పుండాలి. మూత మరలున్నదీ, కిందికి వెళ్లేకొద్దీ వెడల్పయ్యేదీ పనికిరావు. ఆరు తీగల మీదా పరుచుకోవాలంటే పొడవు 6 సెంటీమీటర్లకు తగ్గకూడదు. గ్లాస్ కట్టర్‌తో చుట్టూ ఒక్కటే గీత పెట్టాలి, అదే గీత మీద రెండోసారి తిప్పితే పగులు పక్కకు పోతుంది. తర్వాత గీత మీద వేడినీళ్లూ చన్నీళ్లూ మార్చి మార్చి పోస్తే మెడ విడిపోతుంది. అంచుల్ని తడి వాటర్ పేపర్ మీద 120, 220, 400 నంబర్ల వరసలో రుద్దాలి. పొడిగా రుద్దితే గాజు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది; కళ్లద్దాలూ మాస్కూ లేకుండా ఈ పని మొదలే పెట్టకూడదు. ఈ చివరి మాట వ్యంగ్యం కాదు.

తీగల శ్రుతి దగ్గర మనకు మంచి అవకాశముంది. వట్టి తీగలు మీటితేనే ఒక కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) వచ్చేలా శ్రుతి చేయడాన్ని ఓపెన్ ట్యూనింగ్ అంటారు. వాటిలో ఓపెన్ డి అనే పద్ధతి చాలా తేలిక కాబట్టి దాన్ని దూరం పెట్టాలి. అన్నిటికన్నా సన్నది 1వ తీగ, లావుది 6వది; ఇ, డి వగైరా పాశ్చాత్య స్వరాల పేర్లు. 1, 6 తీగల్ని ఇ నుంచి డికి, 2వ తీగను బి నుంచి ఏకి, 3వ తీగను జి నుంచి ఎఫ్ షార్ప్‌కు దించితే సరి, మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. నాలుగు తీగలూ దిగేవే, తెగే భయం లేదు. ఓపెన్ జి ఇంకా సులువు: 1, 6 తీగలు డికి, 5వది జికి దించితే అయిపోతుంది. కాబట్టి నేరుగా ఓపెన్ ఇకి వెళ్లాలి. అందులో 3, 4, 5 తీగల్ని పైకి ఎక్కించాలి, పాత అకౌస్టిక్ గిటార్ మెడ మీద లాగుడు పెరుగుతుంది, తీగ తెగిందంటే ఆ రోజుకు సెలవు. ఓపెన్ డిలోనే ఉంచి రెండో ఫ్రెట్ మీద కేపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు, పెడితే అదే ఫలితం వస్తుందని ఎవరైనా చెబితే వినపడనట్టు ఉండాలి.

ఇలా శ్రుతి చేశాక, వట్టి తీగలు మొత్తం మీటితే ఒకటో కార్డు, అడ్డంగా స్లైడు పెడితే 5వ ఫ్రెట్ దగ్గర నాలుగో కార్డు, 7వ ఫ్రెట్ దగ్గర ఐదో కార్డు. బారు అంటే నాలుగు దెబ్బల ఆవర్తం. నాలుగు బార్లు ఒకటో కార్డు, రెండు బార్లు నాలుగోది, రెండు ఒకటోది, తర్వాత ఐదోది, నాలుగోది ఒక్కో బారు, చివరి రెండూ ఒకటోది. పన్నెండు బార్ల బ్లూస్ అంటే ఇదే. ఈ రహస్యం ఒక సాయంత్రానికి సరిపోతుంది. బయటికి పొక్కితే ఆరునెలల కోర్సులు ఏమైపోవాలి?

ముసళ్ల పండగ ఇక్కణ్నుంచే. మామూలు గిటార్ మీద ఫ్రెట్ అంటే పింఛనున్న ఉద్యోగం. వేలు తీగను గడిలో ఎక్కడ నొక్కినా, శ్రుతి బాధ్యత ఫ్రెట్ చూసుకుంటుంది. స్లైడు వేసుకున్న క్షణాన ఆ ఉద్యోగం ఊడుతుంది. స్లైడు సరిగ్గా ఫ్రెట్ మెట్టుకు పైన, దానికి సమాంతరంగా ఉండాలి, తీగను తాకాలి తప్ప నొక్కకూడదు. గిటార్ మెడ మీద పొదిగిన చుక్కలు మన మిత్రులు. అవి ఫ్రెట్ మీద కాదు, రెండు ఫ్రెట్లకు మధ్య ఉంటాయి. చుక్కను గురిపెట్టి స్లైడు ఆనిస్తే స్వరం రావాల్సిన చోటికి దాదాపు పావు స్వరం కింద పలుకుతుంది, ఎప్పుడూ తప్పదు. తీగ పలికే పొడవు 648 మిల్లీమీటర్లుండే మామూలు గిటార్‌లో 11, 12 ఫ్రెట్ల మధ్య దూరం 19 మిల్లీమీటర్ల చిల్లర. అంటే అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే అరస్వరంలో ఇరవయ్యో వంతు తప్పుతుంది. రెండు మిల్లీమీటర్లు తప్పితే పక్కింటివాళ్లకూ తెలుస్తుంది. పైగా స్లైడు ఫ్రెట్‌కు ఎత్తులో ఉంటుంది కనుక తల కాస్త వంచి చూస్తే ఒకచోట, నిటారుగా కూర్చుని చూస్తే ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. కంటిని నమ్మినంత కాలం మన వర్గానికి ఢోకా లేదు. చెవిని నమ్మేవాళ్లే ద్రోహులు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది తీగల్ని ఆపే విద్య. స్లైడు ఆనించగానే తీగ రెండు ముక్కలవుతుంది. స్లైడుకూ గిటార్ ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జికీ మధ్య ముక్క మనం కోరిన స్వరం పలుకుతుంది. స్లైడుకూ మెడ చివర తీగలు ఆనే నట్‌కూ మధ్య మిగిలిన ముక్క కూడా పలుకుతుంది, దేనికీ సంబంధం లేని స్వరం. ఓపెన్ డిలో 5వ ఫ్రెట్ మీద ఆరు తీగలూ మీటితే, వెనక ఆరు ముక్కలు కీచుమంటూ ఇంకో కచేరీ పెడతాయి. కొత్తవాళ్ల స్లైడ్ గిటార్ డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుండటానికి అసలు కారణం ఇదే. దీనికి మందు స్లైడు వెనక వేళ్లు. స్లైడు ఉంగరం వేలికి ఉంటే చూపుడు, మధ్య వేళ్లను వెనక తీగల మీద బరువు వేయకుండా ఆనించి, స్లైడుతో పాటే జార్చాలి. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌లాగా చిటికెన వేలికి పెట్టుకుంటే వెనక్కి మూడు వేళ్లు మిగులుతాయి.

ఇది ఎడమచేతి సంగతి. కుడిచేతికీ ఇదే చాకిరీ. రెండో తీగ ఒక్కటే పలకాలంటే బొటనవేలు 4, 5, 6 తీగల మీద వాలి ఉండాలి, చూపుడు వేలు 3వ తీగ మీద, ఉంగరం వేలు 1వ తీగ మీద ఉండాలి, మధ్యవేలు మీటాలి. ఒక తీగ పలకడానికి ఐదు తీగల నోళ్లు మూయాలన్నమాట. స్లైడు ఎత్తేటప్పుడు ముందు వేళ్లతో తీగలాపి ఆ తర్వాత ఎత్తాలి, తొందరపడితే వట్టి తీగలన్నీ ఒక్కసారి మోగి మర్యాద పోతుంది. పరీక్ష కావాలంటే, ఏ తీగా మీటకుండా స్లైడును 12వ ఫ్రెట్ నుంచి 1వ ఫ్రెట్ దాకా జార్చి చూడండి. వినిపించిన కీచురొదంతా ఇంతకాలం మన సంగీతంలో కలిసి ఉన్నదే.

ఈ విద్యకు కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు. అందుకే దీనిమీద ఎవరూ తగ్గింపు ధర ప్రకటించరు. ప్రతిధ్వని పుట్టించే రివర్బ్ పెడలు మీద ప్రకటిస్తారు, ఆ పెడలు వెనక ముక్కల కీచురొదను ఇంకో రెండు సెకన్లు పొడిగిస్తుంది.

ఇక ఊపు. స్వరం చేరాక, దాన్ని ఫ్రెట్‌కు అటూ ఇటూ సమానంగా, నిదానంగా, మణికట్టుతో ఊపాలట. స్వరం చేరకముందే ఊపడం మొదలుపెట్టాలని మన వర్గం విధానం. అప్పుడు స్వరం ఎక్కడుందో వినేవాడికీ తెలియదు, వాయించేవాడికీ తెలియదు, గొడవ ఉండదు. ఒకవైపే ఊపితే మరీ మంచిది, సగటు శ్రుతి అటే జరిగి స్థిరపడుతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేక మినహాయింపు ఇవ్వాలని కూడా మనవి. వీణ గమకాలు, గోటువాద్యం జారులు చిన్నప్పట్నుంచీ చెవినబడ్డ జాతి మనది. మెట్లు లేని వాద్యం మీద దిమ్మ జార్చి రాగం పలికించిన విద్వాంసులు కచేరీ వేదికల మీద కూర్చున్నారు. విశ్వమోహన్ భట్ తన మోహన వీణతో అమెరికన్ గిటారిస్టు రై కూడర్ పక్కన కూర్చుని చేసిన రికార్డుకు 1994లో గ్రామీ వచ్చింది. ఈ కాలపు పెద్ద స్లైడు వాద్యకారుడు డెరెక్ ట్రక్స్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ విని నేర్చుకున్నాడు. వాళ్లంతా మననుంచి తీసుకున్నారు కాబట్టి మనకు సాధన అవసరం లేదు, వారసత్వం చాలు. ఒక్క చిక్కుంది. బ్లూస్‌లో గాంధారం సాధారణానికీ అంతరానికీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. ఓపెన్ డిలో ఒకటో తీగ మీద 3, 4 ఫ్రెట్ల మధ్య వెతకాలి. అక్కడ ఆగడం మనకు రాదు. ప్రతి స్వరానికీ జారు వేసి, పన్నెండు బార్లను ఆలాపనగా మార్చి, తాళం ఎక్కడ పోయిందని డ్రమ్మరును అడగడం వచ్చు.

సాధన బెడద పూర్తిగా వదలాలంటే దెయ్యం కథ ఒక్కటే శరణ్యం. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ నాలుగురోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మ అమ్ముకుని విద్య కొన్నాడని లోకమంతా చెప్పుకుంటుంది. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్‌లో గిటార్ బొమ్మలు పెట్టి కూడలి కూడా చూపిస్తారు. ఒప్పందపత్రం ఎవరూ చూడలేదు, పైగా ఆ కథ అంతకుముందు టామీ జాన్సన్ అనే మరో గాయకుడి పేరు మీద చెలామణిలో ఉండేది. పరిశోధకులు తవ్వితే బయటపడింది ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటార్ గురువు. ఆయనా జాన్సనూ రాత్రిపూట శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారు, అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని. అలా నేర్చుకున్నవాడు 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లాస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేసి, 27 ఏళ్లకే పోయాడు. దెయ్యంతో బేరమైతే ఒక్క రాత్రి చాలు, గురువైతే రోజూ వెళ్లాలి. మన ఓటు దెయ్యానికే. అపార్టుమెంట్లలో ఉండేవాళ్లకు శ్మశానం పద్ధతి నచ్చొచ్చు గానీ, ఎలక్ట్రిక్ గిటార్‌ను ప్లగ్ పెట్టకుండా వాయిస్తే పక్క గదిలోకి కూడా వినపడదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు చేరనివ్వకండి.

వినడం విషయంలోనూ ఆంక్షలు అవసరం. బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో రికార్డు చేసిన ఒక పాటలో మాటలే లేవు, మూలుగు ఉంది, దాని వెంటే గిటార్ కూడా మూలుగుతుంది. 1977లో దాన్ని వాయేజర్ రోదసి నౌకల్లో పెట్టి నక్షత్రాల వైపు పంపారు. 1959లో మిసిసిపీలోని కోమోలో జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ రికార్డు చేసిన ఫ్రెడ్ మెక్‌డవెల్ సగం వాక్యం పాడి నోరు మూసుకుంటాడు, మిగతా సగం స్లైడు పాడుతుంది, కింద బొటనవేలు మాత్రం ఒకటే నడక నడుస్తుంటుంది. ఇవి విన్నవాడికి ఒక దురలవాటు పట్టుకుంటుంది. ముందు గొంతుతో ఒక చరణం పాడి, తర్వాత అదే వరస ఒక్క తీగ మీద స్లైడుతో వెతుకుతాడు, దొరికేదాకా వదలడు. ఇలా వారం చేసిన మనిషి మళ్లీ మన సంఘానికి తిరిగిరాడు. కాబట్టి పాటలు వేగంగా దాటవేస్తూ, స్లైడు ఏ వేలికి ఉందో వీడియోలో చూసి, దానిమీద వాదించుకోవడం ఉత్తమం.

ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, ఈ వాద్యంలో మద్దెల కూడా కొంచెం ఓడే, అది మనకు కలిసొచ్చే అంశం. 12వ ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు 1.5 మిల్లీమీటర్లుంటే స్లైడు ఫ్రెట్లకు టకటకా తగులుతుంది. 2.5 దాకా లేపి, 12 లేదా 13 సెట్ అనే లావు తీగలు వేస్తే బాగుపడుతుంది. గుండ్రటి వంపున్న మెడ మీద నిటారు స్లైడు మధ్య తీగల్నే తాకుతుంది, అంచు తీగలు అందవు. ఇది రిపేరు షాపు పని కాబట్టి కనీసం మూడు నెలలు వాయించకుండా గడపొచ్చు.

ఇక చివరి డిమాండు ట్యూనర్‌కు సంబంధించింది. ఓపెన్ డిలో మూడో తీగ ఎఫ్ షార్ప్, అంటే కార్డులో గాంధారం. ట్యూనర్ పచ్చలైటు వెలిగేదాకా తిప్పి, ఆరు తీగలూ మీటితే ఏదో పుల్లగా తగులుతుంది. ఆ తీగను అరస్వరంలో ఏడో వంతు కిందికి దించితే కార్డు కుదురుకుంటుంది, ట్యూనర్ మాత్రం ఎర్రబడుతుంది. డబ్బు పోసి కొన్న యంత్రం సరే అంటుంటే, ఊరికే వచ్చిన చెవి కాదంటోంది. ఈ విషయంలో ఆ చెవి మీద తక్షణం విచారణ జరిపించాలనీ, నివేదిక వచ్చేదాకా సభ్యులెవరూ మూడో తీగను ముట్టుకోకూడదనీ మనవి.