తవ్వకుండా బాగుపడే కల్వర్టును తవ్వడమెందుకు?

వానాకాలం మొదలైతే మన పత్రికల జిల్లా పేజీల్లో తప్పకుండా కనిపించే వార్త ఒకటుంది: ఫలానా ఊరి దగ్గర కల్వర్టు కుంగింది, రాకపోకలు నిలిచాయి, అధికారులు తాత్కాలికంగా మట్టి పోయించారు. 2021 నవంబరులో నెల్లూరు, కడప జిల్లాల్లోనూ, 2024 సెప్టెంబరు ఆరంభంలో ఖమ్మం, మహబూబాబాద్, ఎన్టీఆర్ జిల్లాల్లోనూ ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది కనుక ఆ కథ మళ్లీ చెప్పను. అంతటి వరదకు ఏ కల్వర్టూ ఆగదనే మాటను ఒప్పుకుందాం. వరద లేని ఏడాది ఒక మోస్తరు వానకే కుంగిపోయేవాటి సంగతేమిటి? వాటిలో చాలావాటిని రోడ్డు తవ్వకుండా, బస్సు ఆపకుండా, లోపలి నుంచి గొట్టపు తొడుగు వేసి మరికొన్ని దశాబ్దాల పాటు నిలబెట్టవచ్చు. ఆ పని మన దగ్గర జరగకపోవడానికి అడ్డు సాంకేతికత కాదు, పద్దులు రాసే తీరు.

పైపు కల్వర్టు ఒక్క రోజులో పాడవదు. మన రోడ్ల కింద ఎక్కువగా ఉన్నవి హ్యూమ్ పైపులు, అంటే ముందే పోతపోసిన కాంక్రీటు గొట్టాలు. వాటిని ముక్కలు ముక్కలుగా పేర్చి, కాలర్లతో (అతుకు మీద తొడిగే కడియాలతో) కలిపి, సిమెంటుతో పూడుస్తారు. కింది పరుపు సమంగా లేక ఒక ముక్క కాస్త దిగినా కాలరు దగ్గర సందు పడుతుంది. వాన వెలిశాక కట్టలో ఇంకిన నీరు ఆ సందులోంచి పైపులోకి కారుతూ తనతోపాటు మట్టిరేణువులను తెచ్చుకుంటుంది. ఏటా కొంత చొప్పున మట్టి అలా జారిపోయి, తారు పొర కింద బోలు ఏర్పడుతుంది. బయటికి చూస్తే గోడలు నిటారుగా, సున్నం వేసి శుభ్రంగానే ఉంటాయి. ఒక రాత్రి బరువైన ఇసుక లారీ వెళ్లినప్పుడు మాత్రం అసలు విషయం బయటపడుతుంది. అమెరికాలో ఇదే రోగం మరో రూపంలో వచ్చింది. 1956 నాటి రహదారుల చట్టం తర్వాత అంతర్రాష్ట్ర రహదారుల కింద విరివిగా వేసిన ముడతల ఉక్కు పైపుల అడుగుభాగం తుప్పు పట్టి చిల్లులు పడింది. తొడుగు వేసే విద్య అక్కడ అవసరం కొద్దీ పెరిగింది. 2005 నాటికి ఫెడరల్ రహదారుల సంస్థ కల్వర్టు లైనర్లకు, అంటే ఈ తొడుగులకు, ప్రత్యేకంగా ఒక మార్గదర్శినే వెలువరించింది.

పద్ధతులు కొన్ని ఉన్నాయి. పాత పైపులోకి, గట్టి ప్లాస్టిక్ రకమైన, కాస్త చిన్న హెచ్‌డీపీఈ గొట్టాన్ని తోసి, రెండింటి మధ్య ఖాళీని పలుచని సిమెంటు గ్రౌటుతో దశలవారీగా నింపడం అన్నిటిలోకి సులువైనది. ఒకేసారి నింపితే తేలికైన గొట్టం పైకి తేలి వంకర తిరుగుతుంది కాబట్టి దశలు తప్పవు. రెసిన్ అనే గట్టిపడే జిగురులో నానబెట్టిన మెత్తని గుడ్డ గొట్టాన్ని మేజోడును తిరగేసినట్లు లోపలికి పంపి, వేడినీటితోనో ఆవిరితోనో గట్టిపరచడం రెండోది. ఎరిక్ వుడ్ 1971లో లండన్‌లో ఒక మురుగు కాలువ మీద మొదలుపెట్టిన పద్ధతి ఇది. ప్లాస్టిక్ పట్టీని సర్పిలాకారంలో చుట్టుకుంటూ పోవడం, తిరిగే యంత్రంతో సిమెంటు మోర్టారును లోపలి గోడకు చిమ్మడం కూడా వాడుకలో ఉన్నాయి. ఏ పద్ధతైనా చేసే మేలు ఒకటే: సందులు మూసుకుపోతాయి, మట్టి జారడం ఆగుతుంది. గ్రౌటింగ్ శ్రద్ధగా చేస్తే పైపు చుట్టూ అప్పటికే పడిన బోలు కూడా నిండుతుంది.

ఇక్కడ ఎవరికైనా మొదట వచ్చే సందేహం నీటిదారి కుంచించుకుపోతుందనే. లెక్క వేసి చూడకుండా తల ఊపే సందేహమిది. నిండుగా పారే పైపు మోసే నీరు దాని వ్యాసం మీదే కాదు, లోపలి గోడ నునుపు మీద కూడా ఆధారపడుతుంది. ఆ గరుకుదనాన్ని కొలిచే మ్యానింగ్ గుణకం ముడతల ఉక్కుకు సుమారు 0.024, హెచ్‌డీపీఈకి సుమారు 0.011. 1200 మిల్లీమీటర్ల ఉక్కు పైపులో లోపలి వ్యాసం 1000 మిల్లీమీటర్లు మిగిలే తొడుగు వేశామనుకుందాం. అడ్డుకోత వైశాల్యం 31 శాతం పడిపోతుంది. అయినా అదే వాలులో పైపు మోయగల నీరు మూడో వంతు పెరుగుతుంది. ఇరుకైన దారిలో ఎక్కువ నీరు పోవడం వింతగా కనిపించినా, నూట ముప్పై ఏళ్లకు పైగా ఇంజినీర్లు నమ్ముకున్న సూత్రం చెప్పేది ఇదే.

లైనర్లు అమ్మేవారి కరపత్రాలు సరిగ్గా ఇక్కడ ఆగిపోతాయి. మన రోడ్ల కింద ఉన్నది ముడతల ఉక్కు కాదు, కాంక్రీటు. దాని గుణకం 0.013. అదే 1000 మిల్లీమీటర్ల గొట్టాన్ని 1200 హ్యూమ్ పైపులోకి తోస్తే సామర్థ్యం పెరగకపోగా 27 శాతం తగ్గుతుంది. అమెరికా లెక్కను దిగుమతి చేసుకుంటే మునిగేది మనమే. అదే పైపుకు 15 మిల్లీమీటర్ల మందంతో రెసిన్ తొడుగు వేస్తే లోపలి వ్యాసం 1170 మిల్లీమీటర్లు మిగిలి, సామర్థ్యం సుమారు పది శాతం పెరుగుతుంది. కనుక మన హ్యూమ్ పైపులకు తగినది పలుచని తొడుగే కాని, పైపులో పైపు కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. రోడ్డు వెడల్పు మేరకే ఉండే పొట్టి కల్వర్టుల్లో చాలాసార్లు నీటిని ఆపేది లోపలి గోడ కాదు, ప్రవేశ ద్వారం. అక్కడ నునుపు అక్కరకు రాదు, వైశాల్యమే లెక్క. పలుచని తొడుగుతో పోయేది అయిదు శాతం వైశాల్యమే. ముఖద్వారం అంచును కాంక్రీటుతో గుండ్రంగా తీర్చితే ఆ లోటును పూడ్చుకోవచ్చు. నేరుగా తెగ్గోసినట్లుండే అంచుకు ప్రవేశ నష్టం గుణకం (నీరు లోపలికి దూరేటప్పుడు పోయే శక్తి కొలత) 0.5 అయితే, గుండ్రని అంచుకు 0.2. రెండు బస్తాల సిమెంటు, ఒక మంచి మేస్త్రీ ఉంటే అయ్యే ఈ పనిని మన అంచనాల్లో ఎవరూ రాయరు.

తవ్వకం ఖర్చు వేరే చెప్పాలా? కట్ట ఎత్తు అయిదారు మీటర్లుంటే, పక్కలు కూలకుండా వాలుగా తవ్వడానికి రోడ్డును బారెడు కాదు, ఇరవై మీటర్ల వరకు తెరవాలి. డైవర్షన్ రోడ్డు వేయాలి, దానికి రైతు పొలం కావాలి, వాగు మళ్లించాలి, కాంక్రీటు గట్టిపడేదాకా ఆగాలి. అంతా అయ్యాక పూడ్చిన మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకపోతే ఏడాది తిరిగేసరికి కొత్త కల్వర్టుకు రెండు వైపులా రోడ్డు దిగి గతుకు పడుతుంది. తెలుగునాట బస్సెక్కే ప్రతివారి నడుముకూ ఆ గతుకు తెలుసు. తెగేదాకా ఆగితే మరీ నష్టం: 2003 జూన్‌లో కొలరాడోలోని వెయిల్ దగ్గర ఐ-70 రహదారి కింద కల్వర్టు తెగి, ఆ రాష్ట్రపు ముఖ్యమైన తూర్పు పడమర దారే వారాల తరబడి మూతపడింది.

పాత కల్వర్టులు పాత వానల లెక్కతో కట్టినవి, వాటికి తొడుగు వేయడమంటే చాలని కొలతనే మరో యాభై ఏళ్లు ఖాయం చేయడమని కొందరు ఇంజినీర్లు అంటారు. ఇరుకైన చోట ఆ మాట నిజమే; అక్కడ పెట్టె ఆకారపు కాంక్రీటు బాక్సు కల్వర్టే కట్టాలి. రెసిన్‌లోని స్టైరీన్ అనే రసాయనం నీటిలో కలిసే ప్రమాదం కూడా కల్పితం కాదు, వర్జీనియా రవాణా శాఖ ఆ కారణంతోనే కొంతకాలం ఆ పద్ధతిని ఆపి నిబంధనలు బిగించింది. పశువులు తాగే వాగుల మీద స్టైరీన్ లేని రెసిన్‌నే వాడాలి. సాల్మన్ చేపల రాకపోకల కోసం వాషింగ్టన్ రాష్ట్రం వందల కల్వర్టులను మార్చక తప్పదన్న కోర్టు ఆదేశం 2018లో అమెరికా సుప్రీంకోర్టులోనూ నిలిచిందని ఆ రాష్ట్రంలోని సియాటిల్ మిత్రులు గుర్తుచేయవచ్చు. అయితే చిన్నదైన కల్వర్టు వేరు, చిల్లులు పడిన కల్వర్టు వేరు. రెండింటికీ ఒకే పొక్లెయిన్‌ను పంపడం వైద్యం కాదు.

ఏది చిన్నది, ఏది చిల్లులు పడినది అని తేల్చాలంటే ముందు అవి ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలి. నా అసలు ఫిర్యాదు ఇక్కడ ఉంది. భారత రోడ్ల కాంగ్రెస్ లెక్కలో 6 మీటర్ల పొడవు వరకు కల్వర్టు, ఆ పైన 60 మీటర్ల వరకు చిన్న వంతెన. అమెరికాలోనూ గీత ఇంచుమించు అక్కడే ఉంది: 1967 డిసెంబరు 15న ఒహైయో నది మీద సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయాక జాతీయ తనిఖీ నిబంధనలు వచ్చాయి కాని, అవి 20 అడుగులు దాటిన నిర్మాణాలకే వర్తిస్తాయి. ఆ గీత కింద ఉన్నవి రెండు దేశాల్లోనూ చాలావరకు అనాథలే. కేంద్రం 2016 అక్టోబరులో ప్రారంభించిన వంతెనల నిర్వహణ వ్యవస్థ జాతీయ రహదారుల మీద 1,72,517 నిర్మాణాలను నమోదు చేస్తే, అందులో 1,34,229 కల్వర్టులే. నాలుగింట మూడు వంతులకు మించిన ఆస్తి అది. జాతీయ రహదారుల సంగతే ఇలా ఉంటే, ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్ల కింద ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఈ విషయంలో రైల్వేను చూసి నేర్చుకోవాలి. పట్టాల కింద చిన్న పైపు ఉన్నా రైల్వే దాన్ని వంతెనగానే లెక్కించి, నంబరు వేసి, ఏటా వానాకాలం తర్వాత తనిఖీ చేసి రిజిస్టరులో రాస్తుంది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఎగువ చెరువు తెగి, చిన్న రైలు వంతెన కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజరు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. అంతటి రిజిస్టరు ఉన్నచోటే అది జరిగిందంటే, రిజిస్టరే లేని చోట మనం దేన్ని నమ్ముకుని ప్రయాణిస్తున్నట్లు? పట్టాలకు ముప్పు తేగల ఎగువ చెరువుల జాబితాను రైల్వే రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి పరిశీలించే పద్ధతి ఉంది. గొలుసుకట్టు చెరువుల నేల మీద రోడ్లు వేసే శాఖలకు అలాంటి జాబితా మరింత అవసరం. ఏ అలుగు నీరు ఏ కల్వర్టు గుండా దిగుతుందో కాలువలు, తూములు చూసుకునే నీటిపారుదల శాఖ లస్కరుకు తెలుసు, రోడ్డు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) తెలియదు.

కొత్త కల్వర్టుకు శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. తొడుగు వేసిన కల్వర్టు బయటికి నిన్నటిలాగే కనిపిస్తుంది, దాని ముందు ఫొటో దిగేవారుండరు. అందుకే ఎంత మంచి ఏఈ అయినా రేట్ల పట్టికలో స్పష్టమైన అంశం, బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు లేనంత వరకు లైనర్ కోసం అంచనా రాసి ఆడిట్ అభ్యంతరం కొనితెచ్చుకోడు. రెండు తెలుగు రాష్ట్రాలూ వచ్చే వేసవిలోపు చేయదగిన పని ఒకటుంది: జిల్లాకో ఎత్తైన కట్ట ఉన్న రోడ్డును ఎంచుకుని, దాని కింది ప్రతి కల్వర్టుకూ నంబరు వేసి, లోపలికి కెమెరా పంపి, కొలత చాలినవాటికి తొడుగు, చాలనివాటికి బాక్సు అని విడివిడిగా టెండర్లు పిలవాలి. కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించేది మాత్రం ఒక వానాకాలం గడిచి, రెండోసారి కెమెరా లోపలికి వెళ్లొచ్చిన తర్వాతే కావాలి.